వరాలమ్మ చీరలు

శ్రావణమాసం వచ్చిందంటే మా కొట్లో కాలు పెట్టే చోటుండదు. తిరువూరు మెయిన్ రోడ్డు మీద మా మావయ్యగారు పుల్లయ్యగారి బట్టల కొట్టు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసిందే. నేను మైలవరం నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి రెండో ఏడు. కిందటి శ్రావణంలో మంగళగౌరి నోముకని పుట్టింట్లోనే ఉండిపోయాను కాబట్టి ఆ రద్దీ చూడటం నాకదే మొదలు. ఆడవాళ్లకు జవాబు చెప్పలేక మా ఆయన సూర్యతేజ నన్ను కూడా తీసుకెళ్లి కౌంటరు వెనక నిలబెట్టారు.

ఆ రద్దీకి సగం కారణం వరాలమ్మ తల్లి. ఊరి చివర, విస్సన్నపేట పోయే దారిలో ఉంటుంది గుడి. శ్రావణంలో అమ్మకు చీర పెడితే అనుకున్నది జరుగుతుందని మా వైపు నమ్మకం. ఆ గుడి కమిటీకి ప్రెసిడెంటు మా మావయ్యగారే. రేకుల షెడ్డుకు శ్లాబు వేయించిందీ, ముందు మండపం కట్టించిందీ, శుక్రవారం పూట అన్నదానం మొదలుపెట్టిందీ ఆయనే. ఆయన స్కూటర్ మీద వెళ్తుంటే దారిలో జనం ఆగి నమస్కారాలు పెట్టేవాళ్లు. అది చూసి నాకు కూడా గర్వంగానే ఉండేది. కొట్లో ఒక పక్కన 'అమ్మవారి చీరలు' అని బోర్డు రాసిన రాక్ ఉండేది. చీర, జాకెట్టు ముక్క, పసుపు కుంకాల పొట్లం, గాజులు అన్నీ ఒకే కవర్లో పెట్టి అమ్మేవాళ్లం.

మొదటి శుక్రవారం పొద్దున్నే ఆ రాక్ దగ్గరకు ఒకామె వచ్చింది. ముప్పై లోపే ఉంటుంది, ఎండకు బాగా కమిలిన మొహం. ఎనిమిదేళ్ల పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. పిల్ల సన్నగా పుల్లలా ఉంది. మోచేతుల లోపలివైపు సూదులు గుచ్చిన మచ్చలు ఇంకా నల్లగా కనబడుతున్నాయి.

ఆమె పేరు తిరపతమ్మ. పెనుగొలను నుంచి మొదటి ఆటోకే వచ్చేసింది. చీరలు తిరగేస్తూనే తన సంగతంతా చెప్పింది. ఆషాఢంలో పిల్లకు డెంగీ వచ్చి బెజవాడ ఆస్పత్రిలో వేశారట. రక్తం ఎక్కించిన రాత్రి డాక్టరు ఏ మాటా గట్టిగా చెప్పలేదట. ఆ ఆస్పత్రి వరండాలో కూర్చుని వరాలమ్మకు మొక్కుకుందట, పిల్ల లేచి తిరిగితే శ్రావణంలో చీర పెడతానని. అప్పటినుంచి పత్తి చేలల్లో కలుపు తీసిన కూలి డబ్బులు కొంగున ముడేసుకుని దాచి తెచ్చింది.

ఆ పిల్ల, సాయిప్రసన్న, మామిడిపండు రంగు చీర ఒకటి చూసి దాని దగ్గరే నిలబడిపోయింది. ఆకుపచ్చ అంచు, అంచు పొడుగునా వరసగా నెమళ్లు. ధర చూసి తిరపతమ్మ పక్క చీర అందుకుంది. పిల్ల మాత్రం అంచు మీద వేలు ఆనించి ఒక్కో నెమలినే పలకరించినట్టు జరుపుకుంటూ పోతోంది. ఒక చోట ఆగి నన్ను పిలిచింది.

"అక్కా, దీనికి తోక లేదు."

చూద్దును కదా, నిజమే. నేతలో తప్పు పడి ఆ ఒక్క నెమలీ తోక లేకుండా కోడిపెట్టలా ఉంది. డ్యామేజి పీసు కింద ధర తగ్గిస్తానన్నాను. తిరపతమ్మ మొహం ఒక్క క్షణం వెలిగి మళ్లీ ముడుచుకుంది. తప్పున్న చీర అమ్మవారికి పెట్టొచ్చా అని తల్లిగా ఆమె భయం. పిల్లే చెప్పింది.

"అమ్మోరు చూసి నవ్వుకుంటదిలేమ్మా."

అలా ఆ చీర వరాలమ్మకు వెళ్లింది.

*

మా అత్తయ్య పేరు బాలామణి. ఆమె గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. నవ్వొచ్చినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా లోపల్లోపల నవ్వుకునేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటి మీద బెంగతో వంటింట్లో కళ్లు తుడుచుకుంటుంటే ఏమిటని అడగలేదు. పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ, తను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో బెంగ తీరేదాకా రోజూ అమ్మకు ఉత్తరం రాసి చింపేసేదాన్నని చెప్పింది. ఆ రోజు నుంచి నాకు ఆ ఇల్లు నచ్చింది.

రెండో వారం మొదట్లో కొట్లో గుమస్తా ఒక పెద్ద మూట తెచ్చి మా డాబా మీద దింపి వెళ్లాడు. అత్తయ్య దాన్ని విప్పింది. అన్నీ చీరలే. కొన్నిటి మీద కుంకం మరకలు, కొన్నిటికి దీపం నూనె, ఒకదాని కుచ్చెళ్లలో నలిగిన బంతిరేకులు. మూట విప్పగానే గుళ్లోకి అడుగు పెట్టినట్టు సాంబ్రాణి వాసన గుప్పుమంది.

అత్తయ్య ఒక్కో చీరనూ కళ్లకద్దుకుని పక్కన పెడుతోంది. కుంకం మరకకు నిమ్మరసం, నూనె మరకకు కుంకుడు నురుగు. మబ్బుల మధ్య ఎండ పొడ కనబడితే చాలు, తీగ మీద ఆరేసేది. మళ్లీ చినుకు పడితే ఇద్దరం పరుగున తీసేవాళ్లం. ఇవన్నీ ఎక్కడివని అడిగాను.

"అమ్మవారివే. మీ మావయ్య వేలంలో పాడుకుంటారు" అంది అత్తయ్య. "ఆ డబ్బుతోనే అన్నదానం నడుస్తుంది. ఇన్ని చీరలు అమ్మ మాత్రం ఏం చేసుకుంటుంది చెప్పు? నేను మరక తీస్తే ఇంకో ఆడకూతురి ఒంటి మీదికి పోతుంది. ఇంకెవరి కడుపో నిండుతుంది. ఎన్నో ఏళ్ల నుంచి శ్రావణంలో నేను చేసుకునే పూజ ఇదేనమ్మా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఎంత తృప్తి ఉందో చెప్పలేను. నేనూ కొంగు బిగించి కూర్చున్నాను. మూట సగానికి వచ్చేసరికి మామిడిపండు రంగు చీర చేతికి తగిలింది. అంచు తిప్పి చూశాను. తోక లేని నెమలి ఉంది.

శుక్రవారం పెట్టిన చీర, సోమవారానికే మా ఇంట్లో ఉంది. అంతలోనే వేలం ఎప్పుడు వేశారని అడిగితే అత్తయ్య నిమ్మచెక్క పిండుతూ, వారం వారం వేస్తారేమో, నాకేం తెలుసు అంది. నేనూ ఇంక రెట్టించలేదు.

*

మూడో శుక్రవారం తిరపతమ్మ మళ్లీ కొట్టుకు వచ్చింది. పిల్లను బడికి పంపుతున్నానని, యూనిఫాం గుడ్డ కావాలని సంబరంగా చెప్పింది. సాయిప్రసన్న బుగ్గల్లోకి కాస్త కండ వచ్చింది. నేను గుడ్డ కొలుస్తుంటే ఆ పిల్ల అటూ ఇటూ తిరుగుతూ అమ్మవారి చీరల రాక్ దగ్గర ఆగింది.

"అమ్మా, మన నెమలి."

తిరపతమ్మ వెళ్లి చూసింది. కొత్త కవరు, కొత్త ట్యాగు, పూర్తి ధర. కవర్లోంచే అంచు కనబడుతోంది. గల్లా దగ్గర నుంచి మా ఆయన గబగబా వచ్చి, ఒకే మగ్గం మీద ఇలాంటివి చాలా నేస్తారనీ, తప్పు పడితే అన్నిట్లోనూ అదే తప్పు పడుతుందనీ నవ్వుతూ సర్ది చెప్పబోయారు. పిల్ల వినలేదు. కవరు మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

"ఇది అమ్మోరి వాసనే" అంది.

కొట్లో ఉన్న ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. తిరపతమ్మ గొడవ చెయ్యలేదు. గొడవ చేసినా బాగుండేది. నేను కత్తిరించిన యూనిఫాం గుడ్డకు డబ్బులు ఇచ్చేసి, పిల్ల చెయ్యి పట్టుకుని, నా దగ్గరకు వచ్చి చాలా నెమ్మదిగా అడిగింది.

"మా మొక్కు తీరినట్టా, తీరనట్టా అమ్మా?"

ఆమె కళ్లలో కోపం లేదు. భయం ఉంది. మొక్కు తీరకపోతే పిల్లకు మళ్లీ ఏమవుతుందోనన్న భయం. నేను చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేశాను. ఆమె కాసేపు చూసి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక మా ఆయన్ని అడిగాను. ఆయన మొదట విసుక్కున్నారు, తర్వాత మెత్తబడ్డారు. బెజవాడలో మాల్స్ వచ్చాక, జనం ఫోన్లలో కొనడం మొదలుపెట్టాక మామూలు వ్యాపారం సగానికి పడిపోయిందనీ, ఈ చీరల మీదే కొట్టు నిలబడుతోందనీ చెప్పారు. నాన్న ఆ గుడికి పెట్టినదాంతో పోలిస్తే ఇదెంత అన్నారు. ఆ మాట ఆయనది కాదు, మావయ్యగారిదేనని నాకు తెలిసిపోతూనే ఉంది.

మర్నాడు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అత్తయ్యకు జరిగింది చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"మొక్కు తీరినట్టా అని అడిగిందా?"

అవునన్నాను. ఆమె మళ్లీ కాయలందుకుంది. చిక్కుడుకాయలన్నీ అయిపోయేదాకా తల ఎత్తలేదు.

*

ఆ ఆదివారం ముసురు. గుళ్లో అర్చకులు రాధాకృష్ణమూర్తిగారు గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చారు. పెద్దమనిషి, మాట మెత్తన. వసారాలో కూర్చుని మావయ్యగారితో అన్నదానం సంగతి ఎత్తారు. ఆషాఢం నుంచి ఆగిపోయింది, శుక్రవారం దూరం ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లు ఖాళీ కడుపులతో వెళ్తున్నారు, కనీసం ఈ శ్రావణమన్నా వండిద్దామండీ అని ఆయన ప్రాధేయపడుతున్నారు. ఆదాయం లేందే ఎక్కడి నుంచి తెమ్మంటారని మావయ్యగారు అన్నారు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. అత్తయ్య చేతులకంటిన కుంకుడు నురుగు తుడుచుకుంటూ పెరటి వైపు నుంచి వచ్చింది. డాబా మీద చీరలు ఇంకా బకెట్లో నానుతున్నాయి.

కాసేపటికి పంతులుగారు గొంతు తగ్గించి మాట్లాడారు.

"మీరు తప్పుగా అనుకోనంటే ఒక మాట ప్రెసిడెంటుగారూ. మొన్న శుక్రవారం అమ్మవారికి కట్టిన ఎర్ర చీర నేను ఆషాఢంలో కూడా కట్టాను. చీర కొన్నామెకు తెలీదు, పాపం. కట్టేవాణ్ణి, నా చేతులకు తెలుస్తుంది కదండీ."

"మీ జీతం మీకు నెలనెలా అందుతోందిగా పంతులుగారూ" అన్నారు మావయ్యగారు.

వాన చప్పుడు వినబడుతోంది. అత్తయ్య నా చేతిలోంచి కాఫీ పళ్లెం అందుకుని వసారాలోకి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆమె పంతులుగారికి గ్లాసు అందించి, మావయ్యగారికి గ్లాసు అందించి, పళ్లెం చంకన పెట్టుకుని అడిగింది.

"ఈసారి చీరల వేలం ఎప్పుడు వేశారండీ?"

ఆమె అడిగింది పంతులుగారిని. ఆయన మావయ్యగారి వైపు చూశారు. మావయ్యగారు వానలోకి చూస్తున్నారు. చివరకు పంతులుగారే తల వంచుకుని, వేలం వేసి మూడేళ్లయిందమ్మా అన్నారు.

"అలాగా" అంది అత్తయ్య. పంచదార సరిపోయిందా అని కూడా అడిగింది. లోపలికి వచ్చేసింది.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గొడుగు పట్టుకుని డాబా మీదకు వెళ్లింది. నానబెట్టినవి అలా వదిలేస్తే రంగులు దిగిపోతాయి కదా అంది. ఆ వానలోనే చీరలన్నీ జాడించి పిండి, కింద గదిలో తాళ్లు కట్టి ఆరేశాం. ఆరాక అన్నీ మడతపెట్టి, రాక్ మీద పెట్టినవి కూడా గుమస్తా చేత తెప్పించి, తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఆ మామిడిపండు రంగు చీర అప్పటికింకా అమ్ముడుపోలేదు.

మావయ్యగారికి ఆ తాళం సంగతి తెలిసింది. భోజనం దగ్గర కంచంలో వేలు పెట్టి కలుపుతూ కలుపుతూ ఉండిపోయి, ఉన్నట్టుండి, నేనేం దోచుకు తినలేదు బాలా అన్నారు. ఆమె నేనేమీ అనలేదుగా అంది. అనకపోవడమే ఆయనకు కష్టంగా ఉందని తెలుస్తోంది. ఆ గుడి కోసం ఎంత తిరిగారో, ఎంతమంది చేతులు పట్టుకున్నారో, ఎన్నిసార్లు సొంత డబ్బు పోశారో అంతా చెప్పుకొచ్చారు. అందులో అబద్ధం ఏమీ లేదు.

"నేను పూనుకోకముందు అక్కడేముంది? పిచ్చి చెట్లు."

అత్తయ్య మజ్జిగ గిన్నె దగ్గరకు జరిపింది.

"అమ్మవారుందండీ" అంది.

*

బుధవారం పొద్దున్నే అత్తయ్య పట్టుచీర కట్టుకుని, కుంకం భరిణె, పసుపు, ఆ చీర ఉన్న సంచీ పట్టుకుని నన్ను రమ్మంది. పెనుగొలనుకు ఆటో మాట్లాడుకున్నాం. దారి పొడుగునా పొలాల్లో నాట్లు వేస్తున్నారు. ఆటో పక్కల నుంచి జల్లు కొడుతుంటే ఆమె సంచీని పసిపిల్లలా ఒళ్లో దాచుకుని కూర్చుంది. ఏ పనికైనా ఆమె మావయ్యగారికి చెప్పకుండా గడప దాటడం అదే మొదటిసారి అని తర్వాత చెప్పింది.

తిరపతమ్మ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ఆమె మాత్రం నాట్లకు వెళ్లింది. పక్కింటివాళ్లు కబురు పెడితే మోకాళ్ల దాకా బురదతో వచ్చింది. మమ్మల్ని చూసి ముందు పిల్ల కోసం కళ్లు వెతుక్కున్నాయి. పిల్ల బడిలో ఉందని గుర్తొచ్చి కుదుటపడింది. కాళ్లు కడుక్కుని వచ్చి మంచం వాల్చింది. అత్తయ్య కూర్చోలేదు.

"ఈ చీర మా ఇంట్లో ఉంది తిరపతమ్మా. దీని మరకలు నా చేత్తో నేనే తీశాను. గుడికి చేరాల్సిన డబ్బు చేరిందనుకున్నాను. చేరలేదు. నీ చీర నీకు ఇచ్చి పోదామని వచ్చాను."

తిరపతమ్మ చీర వైపు చూసింది గానీ చెయ్యి చాపలేదు.

"పెట్టింది మళ్లీ ఎట్టా తీసుకుంటానమ్మగారూ? నా బిడ్డ పేరున పెట్టింది."

ఇలాంటి జవాబు వస్తుందని అత్తయ్య అనుకోలేదు కాబోలు. చేతిలో చీరతో అలాగే నిలబడిపోయింది. తిరిగి తీసుకెళ్లడానికి లేదు, ఇచ్చిపోవడానికి లేదు. ఆమె కళ్లలో నీళ్లు అప్పుడు చూశాను. ఆ వారమంతటిలో మొదటిసారి. తిరపతమ్మ కంగారుపడిపోయి ఆమె మోచెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. మంచినీళ్లు ఇచ్చింది. తనూ కింద కూర్చుంది. ఇద్దరూ కాసేపు పిల్ల జ్వరం గురించి మాట్లాడుకున్నారు. అత్తయ్య మా ఆయనకు చిన్నప్పుడు వచ్చిన టైఫాయిడ్ గురించి చెప్పింది. అప్పుడు తనూ వరాలమ్మకే మొక్కుకుందట. అప్పుడది రేకుల షెడ్డు కూడా కాదట, చెట్టు కింద రాయి.

లేచేముందు తిరపతమ్మే మెల్లగా అంది. "అమ్మోరికి పెట్టిందాన్ని అమ్మోరే ఎవరికన్నా ఇస్తే, ఇంక దానికి పేరేముంటదమ్మా. అది ప్రసాదమేగా."

అత్తయ్య ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత కుంకం భరిణె తీసి తిరపతమ్మ నుదుట బొట్టు పెట్టింది. శుక్రవారం పిల్లను తీసుకుని గుడికి రమ్మని, వాయినం పుచ్చుకోవాలని, పెళ్లికి పిలిచినట్టు పిలిచింది.

*

ఆఖరి శ్రావణ శుక్రవారం. బీరువాలో చీరలన్నీ రెండు ఆటోల్లో గుడికి చేరాయి. అత్తయ్య పంతులుగారితో ఏం మాట్లాడిందో నాకు తెలీదు. నేను వెళ్లేసరికి ఆయన ఒక్కో చీరనూ అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, తీసి, పళ్లెంలో అందిస్తున్నారు. అత్తయ్య మండపంలో చాప మీద కూర్చుని వచ్చిన ప్రతి ఆడమనిషికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, చీర చేతిలో పెడుతోంది.

కూలికి పోయే వాళ్లు, గాజులమ్మే ఆమె, బస్టాండు దగ్గర పూలు కట్టే ముసలామె, కాన్పుకు పుట్టింటికొచ్చిన అమ్మాయిలు. మొదట అనుమానంగా చూశారు. ఎవరిస్తున్నారమ్మా అని ఒకామె అడిగింది. అమ్మవారే అంది అత్తయ్య. ఒకావిడ తను కిందటేడు పెట్టిన చీర ఇంకొకామె చేతిలో చూసి, అదిగో అది నాదే అని పక్కవాళ్లకు చూపించి నవ్వింది. ఇన్నాళ్లూ ఈ చీరలెక్కడున్నాయని కూడా ఎవరో అడిగారు. అత్తయ్య తల ఎత్తి ఆమెను చూసి, మా ఇంట్లో అని చెప్పింది. ఆ మాట మండపమంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు.

సాయిప్రసన్న తల్లి చెయ్యి వదిలించుకుని నా పక్కన చేరింది. అత్తయ్య మామిడిపండు రంగు చీర ఆ పిల్ల చేతుల్లో పెట్టి, నీకు నచ్చినవాళ్లకు ఇవ్వమంది. పిల్ల వరసంతా ఒకసారి చూసి, చివర్లో బిడియంగా నిలబడ్డ కొత్తగా పెళ్లయిన అమ్మాయి దగ్గరకు వెళ్లింది. కాళ్ల పారాణి ఇంకా పోలేదు, కట్టుకున్న చీర మాత్రం పాతది. చీర ఇస్తూ పిల్ల ఆమెకు అంచు విప్పి చూపించింది.

"ఇందులో ఒక నెమలికి తోక రాలేదు. పారెయ్యమాకు, అదే బాగుంటది."

తిరపతమ్మ అమ్మవారి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. చాలాసేపు కళ్లు తెరవలేదు. తెరిచాక నా వైపు చూసి తల ఊపింది. ఆ తల ఊపడంతో నా గుండెల మీది బరువేదో దిగింది.

మధ్యాహ్న హారతికి మావయ్యగారు కమిటీ వాళ్లతో వచ్చారు. వెనక మా ఆయన. చీరలు పుచ్చుకున్న ఆడవాళ్లు కొందరు ఆయనకు ఎదురెళ్లి నమస్కారాలు పెట్టారు, ప్రెసిడెంటుగారిది ఎంత పెద్ద మనసని. ఇంకొందరు పక్కకు తిరిగి నిలబడ్డారు. ఆయన వాళ్లనూ వీళ్లనూ చూశారు. చాప మీద కూర్చున్న అత్తయ్యనూ చూశారు. ఆమె పళ్లెంలోంచి ఇంకో చీర తీసింది. మావయ్యగారు హారతికి ఆగకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

*

తర్వాత మా ఇంట్లో చాలా రోజులు మాటలు లేవు. మావయ్యగారు అత్తయ్యతో మాట్లాడరు. మా ఆయన నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడరు. ఇల్లు వీధిన పడేశారు మీ ఇద్దరూ అని ఒకసారి అన్నారు. కొట్టుకు జనం తగ్గారు. అత్తయ్య మాత్రం మామూలుగానే తిరిగేది. మావయ్యగారి బీపీ మాత్ర కంచం పక్కన పెట్టేది, స్నానానికి నీళ్లు తోడేది, ఆయన కొట్టు నుంచి వచ్చే వేళకు వీధి లైటు వేసేది. ఆయన మాత్ర వేసుకునేవారు, నీళ్లు పోసుకునేవారు, లైటు కింద నుంచి లోపలికి వచ్చేవారు. మాట మాత్రం లేదు.

వినాయకచవితికి కమిటీ మీటింగు జరిగింది. ఆరోగ్యం బాగుండటం లేదని ఆయన ప్రెసిడెంటుగిరీ వదులుకున్నారు. బతిమాలిన వాళ్లు ఉన్నారు, ఊరుకున్న వాళ్లు ఉన్నారు. ఇకమీదట అమ్మవారి చీరలు శ్రావణం ఆఖరి శుక్రవారం ఆడవాళ్లకే పంచాలని మాత్రం ఆయనే నోరు తెరిచి చెప్పారట. ఆ సంగతి మా ఆయన ఇంటికి వచ్చి చెప్పారు. చెబుతూ మొదటిసారి నా కళ్లలోకి చూశారు. మర్నాడు కొట్లో ఆ బోర్డు లేదు. తనే ఎక్కి విప్పేశారని గుమస్తా చెప్పాడు.

కొట్టు పై అంతస్తు ఒక సెల్‌ఫోన్ షాపుకు అద్దెకిచ్చాం. ఆ అద్దె ప్రతి నెలా గుడి వంటకు వెళ్తుంది. అది ఎవరు పంపుతున్నారో కొత్త కమిటీ వాళ్లు గుడి గోడ మీద రాయబోతే మావయ్యగారు వద్దన్నారు.

దసరాల్లో మొదటి శుక్రవారం అన్నదానం మళ్లీ మొదలైంది. వంటకు పంతులుగారి భార్య శ్యామలాంబగారు, వడ్డనకు అత్తయ్యా నేనూ. తిరపతమ్మ విస్తళ్లు వేస్తోంది, సాయిప్రసన్న వెనకే నీళ్ల గ్లాసులు పెడుతోంది. బంతి నిండాక చూస్తే, చివర్లో గోడవారగా మావయ్యగారు కూర్చుని ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. ఇన్నేళ్లలో ఆయన అక్కడ నిలబడి అజమాయిషీ చెయ్యడమే గానీ బంతిలో కూర్చోవడం ఎవరూ ఎరగరు. పక్కన కూర్చున్న రైతు బెరుగ్గా కాస్త అటు జరిగాడు. మావయ్యగారు తనే గోడ వైపు జరిగి అతనికి చోటిచ్చారు.

అత్తయ్య అన్నం వడ్డిస్తూ వస్తోంది. ఆయన విస్తరి దగ్గరకు వచ్చి వంగింది. ఒక గరిటె వేసింది. రెండోది వెయ్యబోతుంటే ఆయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు. తల ఎత్తి ఆమె వైపు చూశారు.

"చాలు బాలా" అన్నారు.

అత్తయ్య గరిటె అలాగే పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. గరిటెతోనే ఆయన చెయ్యి పక్కకు జరిపి, ఇంకొంచెం వేసి, పక్క విస్తరి దగ్గరకు వెళ్లింది.